విద్యుత్తును వడకట్టే ముందు

శీర్షిక: ఇంటింటి ఇంజనీరింగు

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఫ్రిజ్జు గురించి, ఇన్వర్టరు గురించి, నీటి మోటారు గురించి అడిగేవే ఎక్కువ. సంగీతం ఊసెత్తేవారు అరుదు. అటువంటిది గడచిన రెండు మాసాలలో మూడు ఉత్తరాలు ఒకే ప్రశ్నతో మాకు అందినవి. ఇంట్లో పాటలు వినే ఆంప్లిఫయరుకు పవర్ కండిషనర్ అనే పరికరాన్ని తగిలించడం అవసరమా, కాదా? ఒక ఉత్తరం డిగ్లిపూర్ నుండి, ఒకటి రంగత్ నుండి, మూడవది మన నివాస సముదాయంలోనే, మా ఇంటికి నాలుగు వాకిళ్ళ అవతలి నుండి.

ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తున్నది. కాని దీని వెనుక కష్టార్జితమైన ధనం ఉన్నది. అంతకంటె ముఖ్యంగా ఇంటిల్లిపాది క్షేమం ఉన్నది. కనుక విషయాన్ని ఒక్కొక్క మెట్టుగా పరిశీలిద్దాం.

మిత్రుని ఇక్కట్టు

మూడవ ఉత్తరం వ్రాసిన మిత్రుడు శ్రీకాకుళం జిల్లా నుండి వచ్చి ఈ దీవులలో స్థిరపడిన కుటుంబంలోనివాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ కేంద్రపాలిత ప్రాంతంలో నూటికి సుమారు 13 మందికి మాతృభాష తెలుగు. మిత్రుని తండ్రిగారు ఓడ ఎక్కినప్పుడు బట్టల పెట్టెతో పాటు పౌరాణిక నాటక పద్యాల రికార్డులు కూడ తెచ్చుకొన్నారట. వాటిని తనివితీర వినాలని మిత్రుడు ఒక మంచి ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు, ఒక రికార్డు ప్లేయరు కొన్నాడు. టీవీ ధ్వని కూడ అందులోనే వినిపించేలా తీగ కలిపాడు. అన్నీ అమర్చి స్విచ్చు వేయగానే పద్యం వెనుక గుయ్‌మనే మ్రోత.

"మీ దీవుల కరెంటు మురికిగా ఉంటుంది సార్, దానిని శుద్ధి చేయాలి" అన్నాడట ప్రధాన భూభాగంలోని ఒక దుకాణదారు. ముప్పై వేల రూపాయల పైచిలుకు వెచ్చించి మిత్రుడు కండిషనర్ తెప్పించాడు. మ్రోత తగ్గలేదు. పైగా ఇంకొక వింత తోడైనది. ఇల్లాలు దుమ్ము దులుపుతూ ఆంప్లిఫయరు పెట్టెను తాకితే వేళ్ళు జివ్వుమంటున్నవి. ఉత్తరం చివర మిత్రుడు అడిగిన మాట ఇది: "అన్నగారూ, ఇంతకంటె పెద్ద కండిషనర్ కొనమంటారా?"

ఆయన ఇంటికి పోయి చూసినది చెప్పే ముందు, దుకాణదారు మాటలో నిజమెంతో తేల్చవలసి ఉన్నది.

మన దీవుల విద్యుత్తు

దుకాణదారు మాటలో కొంత నిజం లేకపోలేదు. ప్రధాన భూభాగంలోని విద్యుత్ గ్రిడ్డుతో ఈ దీవులకు సంబంధం లేదు. మధ్యలో సుమారు 1200 కిలోమీటర్ల సముద్రం. ఏ దీవి విద్యుత్తు ఆ దీవిదే. నేటికీ ప్రధానంగా ఓడల మీద వచ్చే డీజిలుతో జనరేటర్లు తిరుగుతున్నవి. ఉత్తర అండమాన్‌లో డిగ్లిపూర్ సమీపాన 5.25 మెగావాట్ల కల్పోంగ్ జలవిద్యుత్ కేంద్రం 2001లో పని ప్రారంభించినది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిరులో, 20 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రం 8 మెగావాట్ అవర్ల బ్యాటరీ నిల్వతో కలిసి 2020లో అందుబాటులోకి వచ్చినది.

చిన్న గ్రిడ్డును చిన్న పడవతో పోల్చవచ్చు. పెద్ద ఓడలో ఒకరు అటునుండి ఇటు నడిస్తే ఎవరికీ తెలియదు. డోంగీలో అదే పని చేస్తే అందరూ ఊగిపోతారు. దేశమంతటి గ్రిడ్డులో ఒక పెద్ద మోటారు ఆరంభమైతే ఏమీ కాదు. చిన్న దీవిలో అదే మోటారు ఆరంభమైతే జనరేటరు వేగం ఒక్క క్షణం మందగిస్తుంది. గవర్నరు ఇంధనాన్ని పెంచేవరకు వోల్టేజితో పాటు ఫ్రీక్వెన్సీ కూడ దిగుతుంది. మేఘం అడ్డుపడి సౌరవిద్యుత్తు తగ్గినా ఇదే ముప్పు. అందుకే అక్కడ బ్యాటరీ నిల్వ కావలసి వచ్చినది.

ఇక మూడవ శత్రువు ఉప్పుగాలి. ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షం, రెండు ఋతుపవనాలు, చుట్టూ సముద్రం. స్తంభం మీది అతుకులు, సాకెట్టులోని ఇత్తడి రేకులు, నేలలోని ఎర్తు పైపు, అన్నీ మెల్లగా తినివేయబడతవి. ఈ మూడవ శత్రువు సంగతి దుకాణదారు చెప్పలేదు. మిత్రుని కథకు మూలం అదే.

ఆంప్లిఫయరు లోపల జరిగేది

గోడ నుండి వచ్చే 230 వోల్టుల విద్యుత్తు ఆంప్లిఫయరులో నేరుగా స్పీకరుకు పోదు. మొదట ట్రాన్స్‌ఫార్మరు దానిని తగ్గిస్తుంది. డయోడ్లు దానిని ఏకముఖం చేస్తవి. పెద్ద కెపాసిటర్లు వాన నీటిని పట్టే తొట్టిలా దానిని నిల్వ చేసి సమంగా అందిస్తవి. ఆ తొట్టి నుండి సంగీతానికి కావలసినంత మాత్రమే వాడుకోబడుతుంది. అంటే ప్రతి మంచి ఆంప్లిఫయరులోనూ ఒక కండిషనర్ పుట్టుకతోనే ఉన్నది.

మరి వోల్టేజి పడిపోతే ధ్వని చెడదా? లెక్క చూద్దాం. సాధారణ ఆంప్లిఫయరు ఇవ్వగల గరిష్ఠ శక్తి వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది. వోల్టేజి నూటికి 10 తగ్గితే గరిష్ఠ శక్తి నూటికి 19 తగ్గుతుంది. వినడానికి భయంగొల్పే సంఖ్యయే. కాని చెవి లెక్కలో అది ఒక్క డెసిబెల్ కంటె తక్కువ. ఆ తేడాను పట్టుకోవడం మంచి చెవికి కూడ కష్టమే. అదియును పూర్తి శబ్దంతో వాయించినప్పుడు మాత్రమే. ఇంట్లో మామూలుగా వినేటప్పుడు ఆంప్లిఫయరు కొద్ది వాట్లతోనే పని గడుపుకొంటుంది. దాని పెంపును నిర్ణయించేది లోపలి ఫీడ్‌బ్యాక్ అమరికయే గాని గోడలోని వోల్టేజి కాదు.

ఫ్రీక్వెన్సీ సంగతి వేరు. ఆంప్లిఫయరుకు 50 హెర్ట్జులైనా 48.5 అయినా ఒకటే. కాని పాతకాలపు రికార్డు ప్లేయర్లలో కొన్నింటి మోటారు ఫ్రీక్వెన్సీని బట్టి తిరుగుతుంది. ఫ్రీక్వెన్సీ నూటికి 3 పడితే పళ్ళెం వేగం కూడ అంతే పడుతుంది; శ్రుతి సుమారు అర స్వరస్థానం దిగుతుంది. హార్మోనియం పట్టుకొని కూర్చున్నవారికి అది వెంటనే తెలుస్తుంది. చిన్న దీవులలోని సంగీతప్రియులు భయపడవలసినది దీనికే. విశేషమేమంటే, వోల్టేజిని మాత్రమే సరిచేసే స్టెబిలైజరు గాని, వడకట్టే ఫిల్టరు గాని దీనిని సరిచేయలేవు. డీసీ మోటారు గల ప్లేయరును ఎన్నుకోవడమే తేలిక ఉపాయం.

ఒక పేరు, నాలుగు పరికరాలు

పవర్ కండిషనర్ అనే ఒక్క పేరుతో అంగడిలో వేర్వేరు పరికరాలు అమ్ముడవుతున్నవి. వాటి తేడా తెలియకపోవడమే సగం నష్టానికి కారణం.

మొదటిది స్టెబిలైజరు. రిలేలతో మెట్లుమెట్లుగా గాని, సర్వో మోటారుతో నెమ్మదిగా గాని వోల్టేజిని సర్దుతుంది. రిలే రకంలో మెట్టు మారినప్పుడల్లా స్పీకరులో టిక్కుమని వినిపించవచ్చు. మరొక చిక్కు ఉన్నది. ఆంప్లిఫయరు విద్యుత్తును సమంగా తీసుకోదు. తరంగం శిఖరం దగ్గర మాత్రమే, కొద్ది మిల్లీసెకన్ల పాటు, గట్టిగా గుటక వేస్తుంది. చిన్న స్టెబిలైజరు ఆ గుటకకు చాలదు. అప్పుడు మేలుకు పెట్టినదే కీడు చేస్తుంది. ఆంప్లిఫయరు పలక మీది వాట్లకు రెండు మూడు రెట్లు శక్తిగలది ఉండవలెను.

రెండవది స్థిర వోల్టేజి ట్రాన్స్‌ఫార్మరు. కార్యాలయాలలోని కంప్యూటర్లకు ఒకప్పుడు దీనినే వాడినాము. మెచ్చదగిన పరికరమే. కాని తానే గుయ్‌మంటుంది, వేడెక్కుతుంది; పైగా ఫ్రీక్వెన్సీ ఒక శాతం మారితే దాని వోల్టేజి సుమారు ఒకటిన్నర శాతం మారుతుంది. ఫ్రీక్వెన్సీ ఊగిసలాడే చిన్న దీవిలో దీని స్థిరత్వం పేరుకు తగినట్లు ఉండదు.

మూడవది ఫిల్టరు. ఫ్యాను రెగ్యులేటరు, చవక ఎల్‌ఈడీ దీపాలు, మొబైలు చార్జర్లు పుట్టించే హెచ్చు ఫ్రీక్వెన్సీ చిటపటలను ఇది అడ్డుకొంటుంది. మీడియంవేవ్ రేడియో వినేవారికి ఉపకారి. కాని మన చెవిని బాధించే 50 హెర్ట్జుల గుయ్‌మనే మ్రోతను ఇది ఆపలేదు. ఆపితే కరెంటే రాదు. దీని లోపల ఫేజు నుండి, న్యూట్రలు నుండి ఎర్తుకు చిన్న కెపాసిటర్లు ఉంటవి. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవలెను.

నాలుగవది ఆన్‌లైన్ యూపీఎస్. వచ్చిన విద్యుత్తును డీసీగా మార్చి, మరల కొత్తగా 50 హెర్ట్జుల తరంగాన్ని తయారుచేస్తుంది. వోల్టేజి, ఫ్రీక్వెన్సీ రెండింటినీ సరిచేసేది ఇది ఒక్కటే. కాని ఖరీదు ఎక్కువ, పంకా ధ్వని, మన ఉక్కపోతలో బ్యాటరీల ఆయుష్షు తక్కువ. పాట వినడానికి ఇంత ఆర్భాటం అవసరమా అన్నది ఎవరికి వారు నిర్ణయించుకోవలసినది.

ఇల్లాలు చెప్పిన ఆనవాలు

మిత్రుని ఇంటిలో మేము మొదట అడిగినది వదినగారిని. "ఎప్పుడు జివ్వుమంటున్నదమ్మా?" ఆమె సమాధానం స్పష్టంగా ఉన్నది. "టీవీ తీగ ఊడదీసి దులుపుతున్నప్పుడే అన్నయ్యగారూ. తగిలించి ఉన్నప్పుడు ఏమీ లేదు." సగం రోగనిర్ణయం ఆ ఒక్క మాటలో పూర్తయినది.

ఆ కండిషనర్ ఫిల్టరు రకానిది. దాని కెపాసిటర్ల ద్వారా కొద్దిపాటి కరెంటు ఎర్తుకు పోవలెను. గోడలోని ఎర్తు తెగి ఉంటే ఆ కరెంటుకు దారి లేదు. అప్పుడు దాని పెట్టె, దానికి కలిసిన ఆంప్లిఫయరు పెట్టె, రెండూ సరఫరాలో సగం, అంటే సుమారు 115 వోల్టుల వద్ద తేలుతుంటవి. కరెంటు స్వల్పమే కనుక జివ్వుమని ఊరుకొంటుంది. టీవీ తీగ తగిలించగానే ఆ కరెంటు టీవీ ద్వారా కేబులు పైతొడుగు పట్టుకొని ఎక్కడో వీధిలోని ఎర్తుకు పోతున్నది. పోతూ పోతూ పాట నడిచే తీగ మీదుగానే ప్రయాణిస్తున్నది. గుయ్‌మనే మ్రోత అదే!

ఇంటి వెనుక ఎర్తు గొయ్యి వద్ద చూస్తే ఇనుప తీగ తుప్పుపట్టి, పైపుకు బెత్తెడు దూరంలో విరిగి వ్రేలాడుతున్నది. సముద్రపు గాలి పదేళ్ళుగా చేసిన పని. లైసెన్సు గల ఎలక్ట్రీషియను చేత కొత్త పైపు, బొగ్గు, ఉప్పు వేయించి, మందమైన తీగ బిగించినాము. జివ్వుమనడం పోయినది. కాని మ్రోత కాస్త పెరిగినది! ఇంటి ఎర్తు ఒకటి, కేబులు వారి ఎర్తు ఒకటి; రెండింటి మధ్య ఇప్పుడు పూర్తి వలయం ఏర్పడినది.

మిత్రుడు దిగాలుపడి, "అన్నగారూ, ఆంప్లిఫయరు ప్లగ్గులో ఎర్తు పిన్ను తీసివేస్తే మ్రోత పోతుందట కదా, తీసివేద్దామా?" అన్నాడు. ఆ మాట వినగానే మా ఒళ్ళు జలదరించినది. ఎందుకో చెప్పక తప్పదు.

మేము చేసిన తప్పు

1998లో, ఈ దీవులకు వచ్చిన కొత్తలో, ఉగాది వేడుకకు మైకు ఏర్పాటు మా వంతు వచ్చినది. ఆంప్లిఫయరు గుయ్‌మంటున్నది. పెద్దలందరూ కూర్చొని ఉన్నారు. ఇంజనీరింగు పట్టా ఉన్నదన్న ధీమాతో మేము ప్లగ్గు విప్పి ఎర్తు తీగను ఊడదీసినాము. మ్రోత ఆగినది. సభలో చప్పట్లు కూడ మ్రోగినవి. అంతలో జల్లు పడి తీగలు, పెట్టె తడిసినవి. పద్యం చదవడానికి వచ్చిన పన్నెండేళ్ళ బాలుడు ఇనుప మైకును పట్టుకొన్నాడు. పట్టినవాడు విడువలేకపోయినాడు. ఎవరో పరుగెత్తి మెయిన్ స్విచ్చు లాగినారు. అరచేతి కాలిన గాయంతో బాలుడు బయటపడినాడు.

లోపల ఇన్సులేషను చెడి ఫేజు పెట్టెకు తగిలినప్పుడు ఎర్తు తీగ ఉంటే ఫ్యూజు పోయి ఉండేది. ఎర్తును తీసివేసి ఆ పనిని మేము ఒక పసివానికి అప్పగించినాము. ఆ బాలుడు నేడు మన సంస్థలోనే ఉద్యోగి. ఉగాది సభలో కనబడినప్పుడు మైకును వేలితో తాకి చూసి మా వైపు తిరిగి నవ్వుతాడు. మాకు మాత్రం నవ్వు రాదు.

కనుక మిత్రునితో "ఎర్తును ముట్టవద్దు" అని చెప్పి, టీవీ వెనుక కేబులును విప్పి చూసినాము. మ్రోత పూర్తిగా మాయమైనది. కేబులు దారిలో తగిలించే చిన్న ఐసొలేటరు కొద్ది వందల రూపాయలలో దొరికినది. అది పెట్టిన నాటి నుండి నేటి వరకు పద్యం వెనుక నిశ్శబ్దమే. ముప్పై వేల కండిషనర్ బీరువా మీద విశ్రాంతి తీసుకొంటున్నది.

ఏది ముందు, ఏది వెనుక

పై అనుభవం నుండి ఒక వరుసక్రమం తేలుతున్నది. డబ్బు వెచ్చించే ముందు పాఠకులు దీనిని పాటించవలెనని మా మనవి.

మొదట ఎర్తు. ఏడాదికొకసారి, వర్షాలకు ముందు, ఎలక్ట్రీషియను చేత పరీక్ష చేయించండి. మల్టీమీటరు ఒక్కటే చాలదు. తెగిన ఎర్తు మీద కూడ అది భ్రమగా వోల్టేజి చూపవచ్చు. ఎలక్ట్రీషియనుకు సరియైన ఎర్తు టెస్టరు ఉంటుంది. పిల్లలు గల ఇంటిలో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. అది పాటను మెరుగుపరచదు; పాట వినేవారిని కాపాడుతుంది.

రెండవది సాకెట్లు, ప్లగ్గులు. పచ్చబారిన ఇత్తడి, వదులైన పట్టు, నల్లబడిన రంధ్రం కనిపిస్తే మార్చివేయండి. చిటపటలలో చాల భాగం ఇక్కడివే.

మూడవది మ్రోత ఎక్కడిదో పరిశీలన. వాల్యూము తగ్గిస్తే మ్రోత తగ్గుతున్నదా? అయితే అది ప్లేయరు నుండో, టీవీ నుండో వస్తున్నది. ఒక్కొక్క తీగను ఊడదీసి చూడండి. రికార్డు ప్లేయరైతే దాని సన్నని ఎర్తు తీగ బిగువుగా ఉన్నదా చూడండి. వాల్యూము సున్న చేసినా, అన్ని తీగలూ తీసినా మ్రోత మారకపోతే, లోపలి పెద్ద కెపాసిటర్లు ఎండిపోయి ఉండవచ్చు. మన వేడికి పాత ఆంప్లిఫయర్లలో ఇది సహజం. దానికి మందు మరమ్మత్తు, కండిషనర్ కాదు.

నాలుగవది రక్షణ. స్తంభం మీద న్యూట్రలు తెగితే ఇంటికి 230కి బదులు 400కు దగ్గరగా వోల్టేజి రావచ్చు. కరెంటు పోయి వచ్చిన తొలి నిమిషాలు కూడ ప్రమాదకరమైనవే. హెచ్చు వోల్టేజి రాగానే తెంచివేసి, కొన్ని నిమిషాలు ఆగి మరల కలిపే కటాఫ్ పరికరం తక్కువ ధరకు దొరుకుతుంది. మా దృష్టిలో దీవులలోని ప్రతి ఆంప్లిఫయరుకు కావలసినది ఇది. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు మాత్రం ప్లగ్గును, కేబులును రెండింటినీ ఊడదీయడాన్ని మించిన రక్షణ లేదు.

అయిదవది కొలత. వారం రోజులు ఉదయం, సాయంత్రం, రాత్రి వోల్టేజిని కాగితం మీద వ్రాయండి. తరచుగా 190కి దిగుతుంటే మంచి స్టెబిలైజరు కొనడం సమంజసమే. ఆంప్లిఫయరు పలక మీద 100 నుండి 240 వోల్టులని వ్రాసి ఉంటే అదియును అనవసరం. నేటి చిన్న డిజిటల్ ఆంప్లిఫయర్లు అనేకం ఆ కోవకు చెందినవే. చతురస్ర తరంగపు పాత ఇన్వర్టరు మీద వాయిస్తే మాత్రం గరగర తప్పదు. సైన్ తరంగపు ఇన్వర్టరు దానికి విరుగుడు.

ఇవన్నీ చేసిన పిమ్మట కూడ కండిషనర్ మీద మనసు పోతే, కొనే ముందు ఒక రోజు అరువు తెచ్చుకొని ఇంటిల్లిపాది ఒక ఆట ఆడండి. పిల్లలలో ఒకరు తెర చాటున బొమ్మా బొరుసా వేసి, కండిషనర్ ఉంచడమో తీయడమో చేయాలి. వాల్యూము మార్చకుండ అదే పాటను పదిసార్లు విని, ఉన్నదో లేదో చెప్పాలి. పదింట తొమ్మిదిసార్లు సరిగా చెప్పగలిగితే నిస్సంకోచంగా కొనండి. అయిదారు మాత్రమే సరిపోతే, ఆ డబ్బుతో పిల్లలకు వీణ నేర్పించండి.

డిగ్లిపూర్, రంగత్ పాఠకులకు మా సమాధానం కూడ ఇదే. విద్యుత్తును వడకట్టే ముందు ఇంటి వెనుక ఎర్తు గొయ్యిని ఒక్కసారి తొంగిచూడండి. చూసినదేమిటో మాకు వ్రాయండి.

వచ్చే సంచికలో: వర్షాకాలంలో నీటి మోటారు సంరక్షణ.